చూరునీళ్లు

కాలవకి ఎర్రనీళ్లు వచ్చాయి, వాటితో కడగకూడదు.
ఒండ్రు లోపలికి పోయిందంటే
గొట్టం వంపులోనే కాపరం పెట్టేస్తుంది.
బోరు నీళ్లా, ఉప్పు. ఇత్తడికి ఉప్పు చీడ.
అందుకే రాత్రంతా చూరు కింద గంగాళం పెట్టాను.
ఆషాఢం కదా,
పెళ్లిళ్లు లేవు, వాన ఒక్కత్తే పనిలో ఉంది.

ప్రసంగీ, చాప ఇలా పరు.
పెట్టె మీద యూఫోనియం అని రాసుంటుంది,
రాజోలు దాటితే బాకా అంటేనే తెలుస్తుంది.
ముందు మూతి తియ్యి. లాగకు, తిప్పు.
రాకపోతే వేడిగుడ్డ చుట్టి కాసేపు ఊరుకో.
సుత్తితో కొట్టినవాడొకడు మా మేళంలో ఉండేవాడు,
ఇప్పుడు సిమెంటు బస్తాలు మోస్తున్నాడు.

మూడు వాల్వులు. ఏ అంకెది ఆ ఇంట్లోనే పెట్టాలి.
ఇల్లు మారిందా, ఎంత ఊదినా
గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టే.
స్ప్రింగు జారితే మంచం కిందకే పోతుంది,
దాని గుణం అది, దాన్నేం అనకు.

నీళ్లు గోరువెచ్చగా చాలు.
ఈ పీలిక మీ అత్త పాత జాకెట్టుది,
చివర తాడు, తాడు చివర
వల అంచున తెంపిన సీసం గుండు.
గుండుని లోపల వదిలి
పసిపిల్లని జో కొట్టినట్టు బాకాని అటూ ఇటూ వంచు.
దారి అదే వెతుక్కుంటుంది.

ఇప్పుడు లాగు.
చూశావా ఆకుపచ్చ, అది చిలుము.
పైపైన ఉన్నది నాది.
అడుగున నల్లగా ఉందే, అది యోనాతాను మేస్త్రిది.
పదకొండేళ్లయింది మనిషి పోయి,
ఉమ్ము ఇంకా ఖాళీ చెయ్యలేదు.

పెళ్లివారు మాకు కాయితం గ్లాసులివ్వక ముందు
గోడవారగా కొబ్బరిచిప్పలు బోర్లించి ఉండేవట.
ఆ చిప్పలో నీళ్లు తాగి, మూతి తుడుచుకుని,
వీధి మొదట నిలబడి ఊదేవాడట మేస్త్రి.
ఊరేగింపు ఊరేగింపంతా
ఆ నోటి తడి కిందే నడిచింది,
పట్టుచీరలూ, పెద్దమనుషులూ, పెళ్లికొడుకూ.
ఎవరూ గొడుగు పట్టుకోలేదు.

ఇదేంటి మావా, అంటావా?
మట్టి. కందిరీగ గూడు.
మూఢం మొదలు నేను ఊదలేదు కదా,
ఖాళీ కొంప అనుకుని ఉంటుంది.
మూడు గదులు కట్టింది, ఒకటి ఇంకా మూసే ఉంది.
(పిల్లాడు దాన్ని తీసుకెళ్లి కిటికీలో పెట్టాడు.
నేను చూడనట్టు ఊరుకున్నాను.)

గంట అంచున ఆ సొట్ట జోలికి పోకు.
పంటు దిగుతుంటే రేవులో పడింది.
ఆ రోజు నుంచి పంచమం కాస్త నడుం వంచి పలుకుతుంది.
ఇప్పుడు దాన్ని నిటారు చేస్తే
నా పెదాలు మళ్లీ బళ్లో చేరాలి.

పైన చింతపండు చాలు. ఇటుకపొడి వద్దు,
మెరుపు చేతికిచ్చి మందం పట్టుకుపోతుంది.
ఇదిగో, మేస్త్రి బొటనవేలు ఆనిన చోటు.
పూత ఏనాడో పోయింది, ఇత్తడి అరిగి చిన్న గుంట పడింది.
నా వేలు సరిగ్గా అందులోనే కూర్చుంటుంది.
నీదేదీ?
ఇంకా వదులు.

నూనె కుట్టుమిషనుది వెయ్యి, కొబ్బరినూనె కాదు.
కోనసీమలో పుట్టినా సరే,
మాఘమాసం తెల్లారుజామున
గడ్డకట్టి మీట లేవకపోతే
తాళి కట్టే వేళకి నువ్వే దొంగవి.

బిగించావా? ఊదు.
గుటక మింగినట్టు చప్పుడైంది, అంతే.
మళ్లీ ఊదు.
నీళ్లే వస్తాయి ముందు, భయపడకు.

గంగాళంలోవి అరటిమొక్కకి పొయ్యకు, చిలుముంది.
రోడ్డు మీద పారబొయ్యి.
రోడ్డుకి అలవాటే.